ఫోటో తియ్యమని ఆమె అడిగిందా?

పెళ్ళిచూపుల ఫోటో కోసం స్టూడియోకి వెళ్ళిన ప్రతి ఆడపిల్లకీ ఆ తతంగం తెలుసు. గడ్డం కాస్త పైకెత్తమ్మా, భుజం ఇటు తిప్పమ్మా, పైట సర్దుకోమ్మా, ఇంక కదలకు... అంటూ ఫోటోగ్రాఫరు చెబుతూనే ఉంటాడు. తీరా ఫోటో చేతికొచ్చాక చూసుకుంటే అందులో ఉన్నది మనమేనా అని అనుమానం వస్తుంది. అయినా సరే, అది మనకోసమో మనవాళ్ళకోసమో తీయించుకున్న ఫోటో. నచ్చకపోతే బీరువా అడుగున పడేస్తాం, కోపమొస్తే చింపేస్తాం.

నేను చెప్పబోయే ఫోటోలు అలాంటివి కావు. సుమారు నూట యాభై ఏళ్ళ కిందట ఇంగ్లాండులో, ఫ్రాన్సులో డాక్టర్లు తీసినవి, తీయించినవి. వాటిలో ఉన్నవాళ్ళలో చాలామంది పేదింటి ఆడవాళ్ళు. మతి చలించిందనో, మూర్ఛలొస్తున్నాయనో, నరాల జబ్బనో ఆస్పత్రిలో చేర్చినవాళ్ళు. ఫోటో తీయనా అని వాళ్ళనెవరూ అడిగినట్టు లేదు. ఆ రోజుల్లో అలా అడగాలని ఎవరికీ తోచేదీ కాదు.

ఆ ఫోటోల్ని మొదటిసారి ఒక పుస్తకంలో చూసినప్పుడు నాకు ముందుగా కనిపించింది జబ్బు కాదు. వాళ్ళ బట్టలు. గళ్ళ శాలువా, లేసు టోపీ, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న గౌను... ఎవరో అప్పటికప్పుడు సర్ది కూర్చోబెట్టినట్టు. ఒకామె తలమీద ఆకులతో అల్లిన దండ ఉంది. షేక్‌స్పియర్ 'హామ్లెట్' నాటకంలో పిచ్చిదైపోయిన ఒఫీలియాలా ఉండాలని కాబోలు! ఆ దండ ఎవరు పెట్టారు? ఆమె తనంతట తానే పెట్టుకుందా, డాక్టరుగారు పెట్టించారా? ఫోటో చెప్పదు.

డయమండ్ దొరగారి రాణులు

ఆ ఆకుల దండ ఫోటో తీసిన డాక్టరు పేరు హ్యూ వెల్చ్ డయమండ్. లండన్‌కి దక్షిణాన సర్రే కౌంటీ పిచ్చాసుపత్రిలో 1848 నుంచి 1858 దాకా ఆడవాళ్ళ విభాగానికి సూపరింటెండెంటుగా ఉన్నాడు. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. అంటే అదింకా కొత్త వింతే. గాజుపలక మీద మందు పూసి, తడి ఆరేలోపు ఫోటో తీసి, వెంటనే చీకటిగదిలో కడగాలి. అన్ని క్షణాలూ ఎదుటి మనిషి కదలకూడదు. కదిలితే బొమ్మ అలికినట్టయిపోతుంది. మతి స్థిమితంలేని మనిషిని కదలకుండా కూర్చోబెట్టి తీయడమంటే మాటలా చెప్పండి?

1856లో డయమండ్ లండన్ రాయల్ సొసైటీ ముందు ఒక వ్యాసం చదివాడు. ఫోటోల వల్ల మూడు లాభాలన్నాడు. ముఖకవళికలు చూసి జబ్బును అధ్యయనం చేయొచ్చు. నయమై వెళ్ళిన మనిషి మళ్ళీ వస్తే పోల్చుకోవచ్చు. మూడోది నాకు ఆసక్తిగా అనిపించింది - రోగికి తన ఫోటో తనకే చూపిస్తే మేలు జరుగుతుందట! ఇరవై ఏళ్ళ ఒకమ్మాయి తను మహారాణినని అనుకునేదిట. ఏ పనీ ముట్టుకునేది కాదు, రాణులు పని చేస్తారా మరి? అలా తాము రాణులమనుకునే మరికొందరి ఫోటోలతో పాటు ఆమె ఫోటో కూడా చూపిస్తే ఆ అమ్మాయికి నవ్వొచ్చిందట. క్రమంగా కోలుకుని ఇంటికి వెళ్ళిందని ఆయన రాసుకున్నాడు. ఫోటో వల్లే కోలుకుందా అంటే నాకు నమ్మకం కలగలేదు. కానీ ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని, "ఇదిగో చూడమ్మా, ఇది నువ్వే" అని మాట్లాడడం మాత్రం ఆ పిల్లకి మేలే చేసి ఉంటుంది.

డయమండ్ ఫోటోల్లో అందరూ మర్యాదగానే కనిపిస్తారు. ఆయన వాళ్ళను మనుషుల్లాగే చూశాడనిపిస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. ఆ ఫోటోలు చూసి బొమ్మలు గీయించి, 1858లో జాన్ కొనొలీ అనే పేరున్న డాక్టరు ఒక వైద్య పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు. ఈమె ముఖంలో విషాదం చూడండి, ఆమె చూపులో ఉన్మాదం చూడండి అంటూ. మనిషి బొమ్మ కాస్తా జబ్బు బొమ్మ అయిపోయింది.

ఇంకో సంగతి చెబుతాను. కోతినుంచి మనిషి అంటే అందరికీ గుర్తొచ్చే చార్లెస్ డార్విన్ 1872లో మనుషుల, జంతువుల హావభావాల మీద ఒక పుస్తకం అచ్చు వేశాడు. యార్క్‌షైర్‌లో పిచ్చాసుపత్రి నడిపే క్రైటన్ బ్రౌన్ ఆయనకి రోగుల ఫోటోలు పంపేవాడు. అందులో ఒక స్త్రీ ఫోటోని బొమ్మగా గీయించి డార్విన్ పుస్తకంలో వేశాడు. ఎందుకనుకున్నారు? ఆమె జుట్టు ఎలా నిక్కబొడుచుకుందో చూపించడానికి! ఆమె ఎవరు, ఏమైంది, పిల్లలున్నారా... ఏమీ లేదు. జుట్టు, అంతే.

మందుగుండు కొట్టు ఆస్పత్రి అయింది

ఇంక పారిస్ సంగతి. బ్రిటన్ యువరాణి డయానా 1997లో కారు ప్రమాదం తర్వాత ప్రాణం విడిచిన ఆస్పత్రి గుర్తుందా? దాని పేరు పిత్యే-సాల్పెత్రియేర్. అందులో సాల్పెత్రియేర్ భాగం ఒకప్పుడు తుపాకి మందుకి కావలసిన సురేకారం తయారయ్యే చోటు. 17వ శతాబ్దంలో పద్నాలుగో లూయీ రాజు కాలంలో దాన్ని దిక్కులేని ఆడవాళ్ళ ఆశ్రమంగా మార్చారు. బిచ్చగత్తెలు, ముసలివాళ్ళు, మూర్ఛ రోగులు, మతిలేనివాళ్ళు, 'చెడిపోయారని' ముద్రపడ్డవాళ్ళు - అందరూ ఒకే ప్రహరీ లోపల.

1862లో అక్కడికి పెద్ద డాక్టరుగా వచ్చినవాడు జాన్ మార్టిన్ షార్కో. అప్పటికి అక్కడ వేల మంది ఆడవాళ్ళున్నారు. మామూలు డాక్టరైతే ఈ నరకంలో ఏం చేస్తాంలే అని బదిలీ చేయించుకునేవాడు. షార్కో మాత్రం ఇది గనిరా బాబూ అనుకున్నాడు. నిజంగానే గనిలాగే తవ్వాడు కూడా. మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బును స్పష్టంగా వేరుచేసి చెప్పింది ఆయనే. వణుకుడు జబ్బుకి పార్కిన్సన్ పేరు స్థిరపడడానికీ ఆయనే కారణం. అంత గొప్పవాడు. ఆయన్ని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. హిస్టీరియా అంటే ఆడవాళ్ళ దొంగ వేషాలు అని లోకం తోసిపుచ్చుతున్న రోజుల్లో కాదు, అది నిజమైన బాధే, మగవాళ్ళకీ వస్తుంది అని గట్టిగా చెప్పినవాడాయన.

అన్నట్టు ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? గ్రీకు భాషలో గర్భసంచికి ఉన్న పేరులోంచి. గర్భసంచి ఒంట్లో అటూ ఇటూ తిరగబట్టే ఆడవాళ్ళు ఇలా అయిపోతారని పాతకాలం నమ్మకం. "పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అని మన పెద్దవాళ్ళు అనేవారు చూడండి, ఆ వైద్యాన్నే ఒకప్పుడు యూరప్‌లో డాక్టర్లూ చెప్పేవారు. మనం అక్కడా ఇక్కడా ఒకటే అన్నమాట!

షార్కోకి కంటితో చూడడమంటే ప్రాణం. తాను ఫోటోగ్రాఫరుని మాత్రమేననీ, కనబడిందే రాస్తాననీ చెప్పుకునేవాడు. అందుకే ఆస్పత్రిలోనే స్టూడియో పెట్టించారు. ఫోటోలు తీసినవాడు పాల్ రెన్యార్. కేసుల వివరాలు రాసినవాడు బూర్నెవిల్ అనే డాక్టరు. 1876 నుంచి 1880 మధ్య వాళ్ళిద్దరి పేరుతో 'ఐకనోగ్రఫీ ఫోటోగ్రఫిక్ ద లా సాల్పెత్రియేర్' అని మూడు సంపుటాలు వచ్చాయి. సాల్పెత్రియేర్ ఫోటోల పుస్తకం అనుకోండి. రోగుల పేర్లు మార్చేవారు, కొన్నిచోట్ల పొడి అక్షరాలే వేసేవారు. ముఖాలు మాత్రం స్పష్టంగా అచ్చు వేశారు. పేరు దాచి ముఖం చూపించడం... ఇదేం మర్యాదో నాకర్థం కాలేదు.

అగస్టీన్

ఆ పుస్తకం రెండో సంపుటంలో ఎక్కువగా కనిపించే ముఖం ఒక చిన్నపిల్లది. లూయీస్ అగస్టీన్. 1875 అక్టోబరులో ఆమెను ఆస్పత్రిలో చేర్చేనాటికి పద్నాలుగేళ్ళు. ఒళ్ళు ఒకవైపు స్పర్శ తెలియడం లేదు, విపరీతంగా ఫిట్లొస్తున్నాయి.

ఎందుకొస్తున్నాయి? కారణం ఆ పుస్తకంలోనే ఉంది. తల్లి పనిచేసే ఇంటి యజమాని ఆ పిల్లకి పదమూడేళ్ళప్పుడు కత్తి చూపించి బెదిరించి పాడుచేశాడు. తల్లికీ అతనికీ సంబంధం ఉంది. ఇంక పిల్ల గోడు ఇంట్లో ఎవరు వింటారు? ఫిట్లొచ్చినప్పుడు ఆమె ఎవరినో తోసేస్తున్నట్టు పెనుగులాడేది, వదిలెయ్యమని బతిమాలేది, తల్లిని నిలదీసేది. బూర్నెవిల్ ఆ మాటల్ని పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. రాసుకున్నాడు, అంతే. ఆ మాటల్లో ఉన్నదే జబ్బుకి మూలమని అక్కడున్న పెద్ద డాక్టర్లకి పట్టలేదు. వాళ్ళు చూస్తున్నది చేయి ఏ దశలో ఎలా వంగుతోంది, కాలు ఎప్పుడు బిగుసుకుంటోంది అని.

ఫోటోల కింద పేర్లున్నాయి. 'పిలుపు', 'ప్రేమతో వేడుకోలు', 'పరవశం', 'బెదిరింపు', 'ఎగతాళి'. నాటకం కంపెనీ వాళ్ళ ప్రచారపత్రంలా లేదూ? బతిమాలుతున్న పిల్ల ఫోటో కింద ప్రేమ అని రాశారు. ఈ ముక్క చదివి నేను పుస్తకం మూసి లేచి వెళ్ళి వంటింట్లో కాసేపు ఉత్తినే నిలబడ్డాను.

ఇంకో విషయం గమనించండి. ఆ రోజుల్లో గాజుపలక మీద బొమ్మ పడాలంటే క్షణాలు పట్టేది. నిజంగా ఫిట్లొచ్చి కొట్టుకుంటున్న మనిషిని అలా తీయడం కుదరదు. మరి ఇంత స్పష్టమైన ఫోటోలు ఎలా వచ్చాయి? ఒళ్ళు కొయ్యబారి నిలిచిపోయే క్షణం కోసం కాచుకుని తీసినవి కొన్ని. హిప్నటైజ్ చేసి, చెయ్యి ఎలా పెడితే అలా ఉండిపోయేలా చేసి తీసినవి కొన్ని. మళ్ళీ మళ్ళీ అలవాటై, డాక్టర్లకి ఏం కావాలో ఆ పిల్లకి తెలిసిపోయి పడినవి ఎన్నో ఎవరు చెప్పగలరు? స్టూడియోలో మంచాలు, తెరలు, తల కదలకుండా పట్టుంచే స్టాండ్లు ఉండేవి. చెప్పాను కదా, కదలకు... అంటారు.

దీన్నిబట్టి అగస్టీన్ నటించింది అనేవాళ్ళున్నారు. నేనలా అనను. అన్నం పెట్టేదీ, పడుకోవడానికి మంచం ఇచ్చేదీ ఆ ఆస్పత్రే అయినప్పుడు, ఎలా ఉంటే పెద్దవాళ్ళు మెచ్చుకుంటారో అలా ఉండడం ఏ పిల్లయినా నేర్చుకుంటుంది. అత్తవారింట్లో కొత్త కోడలు నేర్చుకోదూ? అలాగే.

మధ్యలో కొన్నాళ్ళు కోలుకుని అదే ఆస్పత్రిలో పనిమనిషిగా కూడా కుదిరింది. మళ్ళీ ఫిట్లు. మళ్ళీ ఈథరు, క్లోరోఫారం. ఈసారి ఆమె తిరగబడింది. కిటికీలు పగలగొట్టింది, బట్టలు చింపుకుంది. గదిలో పెట్టి తాళం వేశారు. 1880లో ఒకరోజు మగవాడి బట్టలు వేసుకుని ఆస్పత్రినుంచి పారిపోయింది. ఆ పుస్తకంలో ఆమె కథ అక్కడితో సరి. ఎన్ని ఫోటోలు తీస్తేనేం, పంతొమ్మిదేళ్ళ ఆ పిల్ల గేటు దాటుతుంటే ఎవరూ గుర్తుపట్టలేదు!

1928లో పారిస్‌లో కొందరు యువకవులు, బ్రెతాన్, అరగాన్ అనేవాళ్ళు, హిస్టీరియాకి యాభై ఏళ్ళ పండుగంటూ తమ పత్రికలో అగస్టీన్ ఫోటోలు వేసి అది గొప్ప కవిత్వమని పొగిడారు. కవులకి ఏదైనా కవిత్వమే. 2012లో ఫ్రెంచి దర్శకురాలు అలీస్ వినోకూర్ ఆమె మీద 'అగస్టీన్' అని సినిమా తీసింది. ఇందులో డాక్టరునీ ఆ పిల్లనీ కలిపి ఒక కథ అల్లారు. నాకు నచ్చలేదుగానీ, ఆమె వైపునుంచి చెప్పాలని ఒక ఆడమనిషికి తోచడం బాగుంది.

గోడమీది బొమ్మ

షార్కో మంగళవారాలు, శుక్రవారాలు పాఠాలు చెప్పేవాడు. ఒక్క డాక్టర్లే కాదు, రచయితలు, విలేఖరులు, నటులు వచ్చి చూసేవారు. 1887లో బ్రూయే అనే చిత్రకారుడు ఆ పాఠాన్ని పెద్ద రంగుల చిత్రంగా గీశాడు. కోట్లు వేసుకున్న పెద్దమనుషులు గదినిండా. ముందు బ్లాంష్ విట్మన్ అనే రోగి, రవికె జారి, వెనక్కి వాలిపోతూ. ఆమెను పట్టుకున్నవాడు బాబిన్‌స్కీ అనే డాక్టరు. చేతులు చాచి నిలబడ్డ నర్సులు.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బ్లాంష్‌కి ఎదురుగా, పాఠం వింటున్నవాళ్ళ వెనకాల గోడమీద ఒక బొమ్మ వేలాడుతోంది. ఒళ్ళు విల్లులా వంచిన స్త్రీ బొమ్మ. అంటే తర్వాత తను ఎలా వంగాలో ఆమెకు కళ్ళెదుటే ఉందన్నమాట! ఆ చిత్రకారుడు తెలిసి పెట్టాడో తెలియక పెట్టాడోగానీ, అన్ని వైద్య వ్యాసాలకన్నా ఎక్కువ చెప్పేశాడు. 1885-86లో సాల్పెత్రియేర్‌లో చదువుకున్న ఫ్రాయిడ్ ఆ చిత్రం నకలు తన గదిలో తగిలించుకున్నాడు. కాకపోతే ఆయన తర్వాతర్వాత చూడడం తగ్గించి వినడం మొదలుపెట్టాడు. రోగిని పడుకోబెట్టి తను వెనకాల కూర్చునేవాడు.

బ్లాంష్ ఏమైందంటారా? 1893లో షార్కో పోయాక ఆమెకి మళ్ళీ ఆ ఫిట్లు రాలేదని చెబుతారు. అదే ఆస్పత్రిలో మొదట ఫోటోల విభాగంలో, తర్వాత కొత్తగా వచ్చిన ఎక్స్‌రే విభాగంలో పనికి కుదిరింది. ఎక్స్‌రేల వల్ల హాని జరుగుతుందని అప్పటికి సరిగా తెలియదు. ఆ కిరణాల వల్ల చేతులు పాడై తీసేయాల్సొచ్చింది. ముందు కెమెరా ముందు, తర్వాత కెమెరా వెనక... రెండుచోట్లా మూల్యం ఆమెదే.

హిస్టీరియా అనే జబ్బు పేరుని 1980లో అమెరికా మానసిక వైద్యులు తమ జాబితానుంచి తీసేశారు. ఆ బాధలు మాత్రం పోలేదు. మెదడులో, నరాల్లో కనిపించే దెబ్బ ఏమీ లేకుండానే నిజంగా ఫిట్లు, పక్షవాతం వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పుడు వాటిని ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ అంటున్నారు. మనం మాత్రం ఎవరైనా ఆడమనిషి గొంతు పెంచితే చాలు, "హిస్టీరియా వచ్చినట్టు ఏమిటా అరుపులు?" అనేస్తాం.

కొంగు కప్పినవాళ్ళు, ఫోన్ తీసినవాళ్ళు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో చెరువుగట్టున ఒకావిడకి ఫిట్లొచ్చి పడిపోయింది. బట్టలుతుక్కుంటున్న ఆడవాళ్ళంతా పరుగెత్తారు. ఒకావిడ తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టింది. (అది ఎందుకూ పనికిరాదు, ఇనుము పట్టిస్తే ఫిట్లు ఆగవు.) ఇంకో పెద్దావిడ తన కొంగు విప్పి పడినావిడ కాళ్ళమీద కప్పి, చుట్టూ మూగిన మమ్మల్ని, "ఏమర్రా తోలుబొమ్మలాటా? ఫొండి!" అని తరిమింది. ఆవిడకి చదువు లేదు. షార్కో పేరు వినే అవకాశమే లేదు.

ఇప్పుడు బస్టాండులో ఎవరైనా పడిపోతే ముందు లేచేది ఫోన్లు. జాతరలో పూనకం వచ్చినావిడ, రోడ్డుమీద తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే ఆవిడ, కాన్పు తర్వాత మనసు చెదిరి ఇంట్లో అరుస్తున్న బాలింత... అందరూ సాయంత్రానికల్లా నలుగురి ఫోన్లలోకి ఎక్కుతున్నారు. పైగా కింద పేర్లు కూడా పెడతారు, నవ్వుతున్న బొమ్మలతో సహా. సాల్పెత్రియేర్‌లో కనీసం పుస్తకం కొనుక్కుంటేనే కనబడేది!

మన దేశంలో 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 నుంచి అమలులో ఉంది. అందులో 24వ సెక్షన్ ప్రకారం మానసిక వైద్యాలయంలో చికిత్స పొందుతున్న మనిషి ఫోటోగానీ వివరాలుగానీ ఆ మనిషి ఒప్పుకోకుండా మీడియాకి ఇవ్వకూడదు. "వాళ్ళాయన ఒప్పుకున్నాడండీ" అంటే చెల్లదు. ఆ మనిషే ఒప్పుకోవాలి. అగస్టీన్‌కి నూట నలభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన కాగితం అనుకున్నాను.

అలాగని కెమెరా అసలు వద్దనీ అనలేం. ఫిట్లలో ఏది మూర్ఛ, ఏది కాదు అన్నది తేల్చడానికి డాక్టర్లు ఇప్పుడు ఇంట్లోవాళ్ళనే, "ఈసారి వచ్చినప్పుడు ఫోన్లో వీడియో తీసి తీసుకురండి" అంటున్నారు. అది నిజంగా ఉపయోగమే. ఎందుకంటే డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఫిట్లు ఉండవు, చెప్పేవాళ్ళు తలో రకంగా చెబుతారు. కాకపోతే ముందు మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, నోట్లో చెంచా గిన్నే కుక్కకుండా, ఎన్ని నిమిషాలైందో గడియారం చూసి, ఆ తర్వాతే ఫోన్. అయిదు నిమిషాలు దాటితే ఫోన్ వీడియోకి కాదు, అంబులెన్స్‌కి.

మా వీధిలో ఒకమ్మాయి ఉంది. డిగ్రీ చదువుతోంది. డాక్టరు వీడియో కావాలంటే తల్లి సందేహిస్తుంటే ఆ పిల్లే చెప్పిందిట - "తియ్యమ్మా, కానీ డాక్టరుకన్నా ముందు నాకు చూపించాలి." తీశారు. ఆ పిల్ల రెండుసార్లు చూసుకుంది. "కుడిచెయ్యి ముందు తిరుగుతోందే, నాకెవరూ చెప్పలేదేం?" అందిట. డాక్టరుకి చూపించింది కూడా తనే. ఆయన అవసరమైనంత రాసుకున్నాక, ఆ గదిలోనే కూర్చుని ఫోన్లోంచి తీసేసి, తల్లి ఫోన్లో కూడా ఉందేమోనని తీసుకుని వెతికిందిట.